చివరెవరు?

“క్యూబాలో కూడా ఇలాగే టోకెన్ నంబర్లేనా అంకుల్?”

లేదమ్మా కీర్తీ, అక్కడ వేరు. నీ డ్రైవింగ్ టెస్ట్‌కి పిలవడానికి ఇంకా టైముంది, ఆ గోళ్ళు కొరకడం మాని కూర్చో, చెప్తాను.

అప్పుడు నేను ఓడలో ఫిట్టర్ని. హవానా రేవులో మూడోరోజు... కాదు కాదు, నాలుగోరోజు. సాయంత్రం నాలుక్కి ఓడ కదులుతాది. పొద్దున్నే పక్కూరెళ్ళాను. దేనికనుకున్నావు? కార్లకి! మనమున్న ఈ డెట్రాయిట్‌లోనే చేసిన పాతకాలం కార్లు అక్కడింకా తిరుగుతన్నాయి. బాడీ అమెరికాది, లోపల ఇంజిన్ ట్రాక్టర్‌ది! మెకానిక్ విప్పి చూపిస్తంటే ఒళ్ళు మరిచిపోయాను. మీ ఆంటీ ఊరికే తిడతాదేటి, ఇంజిన్ కనపడితే నాకు ఇల్లు గుర్తుండదని.

బయటికొస్తే రెండయిపోయింది. పెట్రోలు కరువు, బస్సుల్లేవు. ఓడ తప్పితే ఏటవుతాది? ఉద్యోగం ఊడిపోతాది, భాష రాని దేశంలో ఒంటరిగా ఉండిపోవాల. పెద్దరోడ్డుకి పరిగెత్తాను.

రోడ్డుమీద పసుపు బట్టలాయన ఒకడు నిలబడ్డాడు. గవర్నమెంటు బండి ఏదొచ్చినా ఆపి, ఖాళీ ఉంటే జనాన్ని ఎక్కించీస్తాడు. అక్కడ అదే రూలు. జనమేమో నీడన ఒకళ్ళక్కడ, ఒకళ్ళిక్కడ కూర్చున్నారు. లైను లేదు కదాని ముందుకి దూరీసాను. అందరూ ఒక్కసారే అరిచారమ్మా! లైనుంది, కంటికి కనపడదంతే. వచ్చినోళ్ళు ‘చివరెవరు?’ అని అడగాల, చెయ్యెత్తిన మనిషిని గుర్తెట్టుకోవాల, తర్వాత ఎక్కడైనా కూర్చోవచ్చు. నా ముందు ముప్ఫైమంది ఉంటారు.

చెరకు లారీ ఒకటి ఆగింది. ఒక్కరికే చోటు. వంతు ఒకావిడది, ఒళ్ళో బిడ్డ. నేను వాచీ చూపించి, మట్టిలో వేలితో ఓడ బొమ్మ గీసాను. ఏడుపొచ్చీసింది. ఆవిడ బొమ్మకేసి చూసింది, నాకేసి చూసింది, లేచి నన్ను లారీ వైపు తోసింది. నా చోటు తను తీసుకుంది. అంటే చిట్టచివర.

లారీ కదిలాక వెనక్కి చూసాను. తడిగుడ్డ పిండి బిడ్డ నుదుటిమీద వేస్తంది. జ్వరమమ్మా ఆ బిడ్డకి.

ఆపమని నేను అరవలేదు. అరిస్తే ఆపుదురు. నిచ్చెన ఎత్తీస్తంటే ఓడెక్కాను. అందరూ అదృష్టవంతుడివన్నారు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ బిడ్డ ఏమయిందో నాకు ఇప్పటికీ...

అదిగో, నీ నంబరే. వెళ్ళు తల్లీ, చల్లగా ఉండు. ఎవరైనా నీకు చోటిస్తే మాత్రం, ముందు వాళ్ళ ఒళ్ళోకి చూడు.