మూడు పేర్ల పెట్టె

"నేను పెద్దగా చేసిందేముందిలే, ఒక్క పేరు పెట్టానంతే," అన్నాడు టెరాబైటు, టీ కొట్టు ముందు కూర్చుని గ్లాసు ఊదుకుంటూ. కంప్యూటర్లు బాగుచేసే ఆయన మాటలు దాచాలంటే మామూలు డిస్కు చాలదని వీధివాళ్లు పెట్టిన పేరది.

"ఎవరికి బావా?" అన్నాడు పక్కనే కూర్చున్న బావమరిది, టైలరు.

"మన లైబ్రరీలో పది పాత కంప్యూటర్లున్నాయా? అన్నిటినీ నడిపేది ఉచిత సాఫ్ట్‌వేరే. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ దాన్ని తయారుచేసేవాళ్లు మూడు జట్లు. మనం రాసుకున్నది దాచే చోటుని ఒకళ్లు 'పెట్టె' అంటారు, ఒకళ్లు 'అర' అంటారు, ఇంకొకళ్లు 'సంచి' అంటారు. ఏ కంప్యూటర్లో దాచినా పదింట్లోనూ దొరుకుతుంది గానీ, ఏ పేరు కింద వెతకాలో తెలియదు. మొన్న మన టీ అక్క ఉద్యోగం దరఖాస్తు ఒకదాంట్లో దాచి, మర్నాడు ఇంకోదాంట్లో వెతికి వెతికి ఏడ్చింది."

"ఏడవలేదు, తిట్టాను. గడువు దాటిపోయింది మరి," అంది టీ అక్క.

"అదీ సంగతి! ఒక మాటకి రాకపోతే ఈ కంప్యూటర్లు మూలన పడేస్తారు. అందుకని మూడు జట్లూ ఆన్‌లైన్లో మీటింగు పెట్టుకుంటే, లైబ్రరీలో కూర్చుని నేనూ చేరా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను గొంతు సవరించుకోగానే నలభై దేశాలవాళ్లు లేచి నిలబడ్డారు. నలభై ఏంటి, నాలుగొందలు!"

"అన్ని దేశాలెక్కడివి బావా?"

"నా మాట వినడానికి అప్పటికప్పుడు కొన్ని ఏర్పడ్డాయిరా! గంటన్నర దంచేశా. ఒక జట్టు పెద్దాయన కన్నీళ్లకి కీబోర్డు తడిసిపోతే ఇక్కణ్ణుంచే బాగుచేశా. చివరికి 'పెట్టె' అని ఖాయం చేశానో లేదో, చంద్రుడి మీదున్న యంత్రం కూడా సంచి విసిరేసి పెట్టె తెచ్చుకుందట!"

టెరాబైటు ఇంకో గుక్క తాగబోతూ ఆగిపోయాడు. ఎదురుగా లైబ్రేరియన్, చేతిలో కాగితాలతో. ఆ రోజు మీటింగులో ఆయన పక్కనే కూర్చుని అన్నీ రాసుకుంది ఆవిడే.

"బాబాయ్, మీరు మాట్లాడిన గంటన్నరా మీ మైకు ఆపేసే ఉంది."

టైలరు పొట్ట పట్టుకుని నవ్వాడు. టెరాబైటు చెవులు ఎర్రబడ్డాయి. "మరి... వాళ్లు తలలూపారు కదమ్మా?"

"వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటున్నారు. కానీ లేచేముందు మీరు ఒక్క ముక్క టైపు చేశారు, గుర్తుందా? 'మీ మూడు జట్లలో ఎవరి పేరు వాళ్లకి ముద్దే, వెతుక్కోలేక దరఖాస్తు పోగొట్టుకున్న మనిషికి ఏం చెబుతారు?' అని. అది చదివి, ఉమ్మడి నియమాల ముసాయిదాలో మొట్టమొదట దాన్నే రాసుకున్నారు. సోమవారం పేరు తేలుస్తారట. వాడేవాళ్ల తరఫున మీరే రావాలన్నారు."

టెరాబైటు గ్లాసు బల్ల మీద పెట్టి, ఆవిడ చేతిలోని కాగితం తీసుకుని రెండుసార్లు చదువుకున్నాడు. తను రాసింది రాసినట్టే ఉంది, ఒక్క అక్షరం కూడా పెంచలేదు.

"నాలుగొందల దేశాలూ వస్తాయామ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"పదకొండు మంది వస్తారు. మైకు నేనే ఆన్ చేస్తాను. మీరు రెండు నిమిషాల్లో ముగించాలి."

టీ అక్క గ్లాసులు కడగడం ఆపి తలెత్తింది. "ఇందాకటి నుంచీ చంద్రుడిదాకా అన్నీ నమ్మాను గానీ అమ్మా, ఈ రెండు నిమిషాలు మాత్రం జరిగే పని కాదు."