బాబూరావు మాస్టారి దద్దుర్లు

ఏడుంపావైంది, టీ చల్లారిపోతంది, తాగు బాబూ. ఏంటా గోకుడు? చూపించు చెయ్యి. దోమేనా? దోమైతే పర్వాలేదులే. మా బాబూరావు మాస్టారిక్కూడా ఇలా గోకుడుతోనే మొదలైంది. ఎవరంటావేంటి? అంబాజీపేట పక్క స్కూల్లో నాతోపాటు పనిచేసేవాడు. పోయి పాతికేళ్ళు దాటింది. ఎనభై నాలుగులో పెళ్ళైంది, రాజోలు పిల్ల, సలోమి అని. మూడో నెల్లో అనుకుంటా, మూడో తరగతికి ఎక్కాలు చెబుతూ చెబుతూ వీపు గోడకేసి రుద్దుకోవడం మొదలెట్టేడు. పిల్లలు అదీ పాఠమేననుకుని వాళ్ళూ రుద్దుకున్నారు. చొక్కా ఎత్తి చూద్దును కదా, రూపాయి బిళ్ళలంత దద్దుర్లు! ఇక్కడ అణిగితే అక్కడ లేచేవి. గొంగళితో రుద్దేరు, దానికీ లొంగలేదు.

మన వైపు సంగతి తెలిసిందేగా. దద్దురు లేచిందంటే ఏం తిన్నావంటారు, ఆ తర్వాత ఎవరు వండేరంటారు. వాళ్ళమ్మ కాంతమ్మ గారు రెండోదే ముందడిగింది. ఆవిడ మామూలు మనిషి కాదు. తలనొప్పంటే ఏంటో ఎరగదు. చర్చి గుళ్ళో పాటెత్తుకుంటే హార్మోనియం ఆవిడ వెనక పరిగెత్తాల్సిందే. "ఇరవయ్యారేళ్ళు నా చేతి కూడు తిన్నాడండీ, ఒక్క పొక్కు లేదు. ఇది గరిటె పట్టేకే వచ్చింది" అనేది. ముందు రొయ్యలు మాన్పించింది. తర్వాత వంకాయ, గోంగూర, గుడ్డు. చూడ్డానికొచ్చిన వాళ్ళు తలోటీ మాన్పించి వెళ్ళేవారు. ఆఖరికెవరో కొబ్బరన్నారు. కోనసీమలో కొబ్బరి మానేసిన మనిషిని నా జన్మలో అతన్నొక్కణ్ణే చూసేను. మనిషి చిక్కిపోయేడు గానీ దద్దుర్లు మాత్రం పుష్టిగానే ఉండేవి. ఇక మాన్పించడానికి తిండేమీ మిగల్లేదు, సలోమి మిగిలింది. పుట్టింటికి పంపించేసేరు. ఆ పిల్ల ఏడవలేదు బాబూ. బస్సెక్కుతూ, "అత్తయ్యగారూ, నేనెళ్ళేక కూడా వస్తే అప్పుడెవర్ని పంపిస్తారండీ?" అంది. వచ్చేయి. "దాని చేతి కూడు ఒంట్లోంచి దిగొద్దా?" అంది కాంతమ్మ గారు. ఆరు నెలలు దిగుతూనే ఉంది.

మధ్యలో నూకయ్య డాక్టరొకడు. డాక్టరంటే చదివిన డాక్టరు కాదులే, సైకిలు డాక్టరు. ఊరందరికీ ఒకటే సూది. వేడినీళ్ళలో ముంచి, దులిపి, పొడిచి, "ఆయ్, అయిపోయిందండీ" అనేవాడు. మంచోడే పాపం. ఆ వానాకాలం మాస్టారి కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు. పసరు తాగించేరు, తగ్గలేదు. రాజమండ్రి తీసుకెళ్ళేను. అక్కడి డాక్టరు గారు రక్తం పరీక్ష చేయించి, "కాలేయంలో వైరసుందండీ. ఎన్నాళ్ళ నించి ఉందో చెప్పలేం" అన్నారు. మరి దద్దుర్లో అన్నాను. "ఇదున్న వాళ్ళలో కొందరికి వస్తాయంటారు. ఈయనకి దీనివల్లే వచ్చేయని మాత్రం నేను రాసివ్వలేను. ఒకటి చెప్పగలను, ఈ రకం కూరల్లోంచి రాదు. సూదుల్లోంచి వస్తుంది, భార్యాభర్తల్లో ఒకరి నించి ఒకరికి వస్తుంది, పురిట్లో తల్లి నించి బిడ్డకి వస్తుంది. ఇంట్లో అందరి రక్తం చూడాలి" అన్నారు.

ఇవన్నీ వచ్చి అప్పజెప్పేను. కాంతమ్మ గారికి అందులో ఒక్క ముక్కే వినపడింది. "భార్య నించి! నే చెప్పలేదూ?" అంది. కూర కాదంట కదండీ అంటే, "కూర కాకపోతే అదే" అంది. ఆదివారం గుడి వాకిట్లో అందరూ వినేటట్టు మాటిచ్చేసింది. "దాని రక్తం తీయించండి. అందులో లేకపోతే నేనే రాజోలెళ్ళి, దాని పెట్టె నెత్తినెట్టుకుని మోసుకొస్తాను!" మాస్టారు మాత్రం తల్లి ముందు నోరెత్తే రకం కాదు. పెళ్ళాం కావాలని మనసులో ఎంతున్నా, ఆ మాట నాతోనే అనేవాడు.

కబురంపితే సలోమి తిన్నగా రాజమండ్రే వచ్చింది, కాంతమ్మ గారు నాతో వచ్చింది. చెయ్యి చాపి రక్తమిచ్చి, లేచి, కుర్చీ అత్తగారి వైపు జరిపింది. "ఇంట్లో అందరిదీ అన్నారంట కదండీ." "నాకేం రోగమే?" అంది ఆవిడ. "ఉండదండీ. మీకెందుకుంటుంది? చూపిద్దాం" అంది ఆ పిల్ల. డాక్టరు గారు చూస్తన్నారు, నేను చూస్తన్నాను. ఇంకేం చేస్తుంది, కూర్చుంది. అత్తా కోడలూ చెరో బస్సెక్కి వెళ్ళిపోయేరు.

పది రోజులకి తెలిసింది. సలోమి రక్తంలో ఏమీ లేదు. కాంతమ్మ గారి రక్తంలో ఉంది.