పటం మీద పడిన చుక్క

చిన్న కథే, టీ చల్లారేలోపు అయిపోతుంది. అయినా ఈ కొట్టాయన గ్లాసు చేతికిచ్చేసరికే అది సగం చల్లారి ఉంటుంది, మనింటి సంగతులన్నీ రాబట్టుకున్నాకగానీ గ్లాసు వదలడు కదా. ఇక పోస్ట్‌మ్యానంటారా, ఉత్తరం మనం విప్పకముందే ఓదార్చేసి వెళ్తాడు. ఎవరి గొడవ వాళ్లది, నాకెందుకు? నేను చెప్పబోయింది మా బావ సంగతి.

యాభై రెండేళ్ల వయసులో గడియారాల కొట్టు మూసేసి, ఈ టీ కొట్టుకెదురుగా ఉన్న లైబ్రరీలో పాత మ్యాపుల ప్రదర్శనకి ఇంటర్న్‌గా చేరాడు. పని నచ్చితే ఉంచుకుంటామన్నారట. మాతో మాత్రం తను లేకపోతే లైబ్రరీకి తాళమేనన్నాడు.

ఆ రోజు టీ కొట్టు బల్ల మీద లైబ్రరీ బైండరమ్మ దిగులుగా కూర్చుంది. రేపే ప్రదర్శన. రెండొందల ఏళ్ల నది మ్యాపు మీద పొద్దున సిరా చుక్క కనబడింది. మ్యాపుల గదిలో అందరూ పెన్సిలే వాడాలి. వెనక నంబర్లు వేయడానికి సిరా ముట్టుకునేది ఆవిడొక్కతే. సాయంత్రానికల్లా సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే ఉద్యోగం పోయినట్టే.

"ఊరుకో చెల్లెమ్మా," అంటూ మా బావ ఆవిడ పక్కన చేరాడు. "ఆ నది మ్యాపుని నిన్న విప్పింది ఎవరనుకున్నావ్? నేనే! వందేళ్లు చుట్టి పెట్టారేమో, ఇటు పరిస్తే అటు చుట్టుకుపోతోంది. ఒక మూల మోకాలేసి తొక్కిపట్టా."

"మోకాలా!" అంది బైండరమ్మ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? విప్పుతున్నకొద్దీ వస్తూనే ఉంది. బల్ల నిండింది, హాలు నిండింది, గుమ్మం దాటి మెట్లు దిగిపోయింది. రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి!"

"నిన్న నేనిక్కడే ఉన్నానే," అన్నాడు కొట్టాయన.

"నువ్వు పాలు కాచుకుంటున్నావులే. సరే, అవతలి చివర చూడాలంటే నడిచే వెళ్లాలిగా? చెప్పులు విడిచి నది దాటా, ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది."

"చేపలు పడ్డాయా?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"వేళాకోళమాడకు. అవతలి ఒడ్డున నూట నలభై ఊళ్లు, ఒక్కదానికీ మన జాబితాలో పేరు లేదు! నిలబడ్డచోటే జేబులోంచి పెన్ను తీసి, మూత పళ్లతో పట్టుకుని, మ్యాపు మీదికి వంగి అన్ని పేర్లూ రాసుకున్నా."

బైండరమ్మ గ్లాసు కింద పెట్టింది. "నది సంగతి అలా ఉంచండి అన్నయ్యగారూ. ఆ గదిలోకి పెన్ను పట్టుకెళ్లారా?"

మా బావ జేబులోంచి ఫౌంటెన్ పెన్ను తీసి చూపించబోయాడు. బొటనవేలు నీలంగా ఉంది.

"అది కారుతుందా?"

"కొంచెం," అన్నాడు.

ఆయన నోట ఆ మాట వినడం మాకదే మొదటిసారి.

 

"గీసినవాడు పోయి రెండొందల ఏళ్లయినా ఆ గీత చెక్కుచెదరలేదు," అన్నాడు మా బావ, వేలు చూసుకుంటూ. "నా చుక్కా అలాగే ఉండిపోతుంది కదూ. చూసినవాళ్లంతా నీదే అనుకుంటారు."

"అనుకుంటారు," అందావిడ.

లేచి, రోడ్డు దాటి లైబ్రరీలోకి వెళ్లాడు. ఈయన్ని ఈ పూటే ఇంటికి పంపించేస్తారని మేమంతా అనుకున్నాం.

లైబ్రేరియన్ మేడమ్ దగ్గర నిజమే ఒప్పుకున్నాడు. కాకపోతే ఒక్క చుక్క అనడానికి నోరు రాలేదు, పదిహేడు అన్నాడు.

బైండరమ్మ ఉద్యోగం నిలిచింది. గోడలకు తగిలించిన మ్యాపులన్నీ దించి, భూతద్దాలు పట్టుకుని మిగతా పదహారు చుక్కల కోసం అంగుళం అంగుళం గాలించారు. ప్రదర్శన వారం ఆలస్యంగా మొదలైంది.