ఎండకు అలవాటు

ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడి వెనుక తోట. పిల్లలందరూ వెళ్ళిపోయాక, తోటపని నేర్పే టీచరూ, ఒక పిల్లవాడి తల్లీ. పిల్లవాడు దూరంగా పంపు కింద చేతులు కడుక్కుంటున్నాడు.

“ఇవాళేం అడ్డమొచ్చింది, బస్సా?”

“బస్సే టీచరుగారూ. దారిలో ఆగిపోయింది.”

“నిన్న చెప్పు తెగింది. మొన్న తాళంచెవి పోయింది. రోజురోజుకీ ఇంకాస్త ఆలస్యం.”

“ఏడ్చాడా?”

“మొదట మీరు జవాబు చెప్పండి.”

“చెప్తాను. ఏడ్చాడా?”

“పోయినవారం గేటు ఊచలకేసి తల కొట్టుకున్నాడు. తర్వాత మణికట్టు కొరుక్కున్నాడు. ఇంటికెళ్ళాక గాయం చూసే ఉంటారు.”

“చూశాను. ఇవాళో?”

“ఇవాళ ఏడవలేదు.”

“గేటు వైపు చూశాడా?”

“ఒక్కసారి. చూసి, టమాటా నారు ట్రే లోపల పెట్టడానికి వెళ్ళిపోయాడు.”

“ఎవరూ చెప్పకుండానే?”

“ఎవరూ చెప్పకుండానే. వేలికి మట్టంటితే కేకలు పెట్టినవాడు, ఇప్పుడా నారు ఎవర్నీ ముట్టుకోనివ్వడు. పొద్దున ఎండలోకి మోస్తాడు, మళ్ళీ నీడలోకి తెస్తాడు. నీడలో మొలిచింది, ఒక్కసారే ఎండలో పెడితే మాడిపోతుందని, రోజుకి కాస్త కాస్త అలవాటు చెయ్యాలని మొదట్లో మీ ఎదుటే చెప్పానుగా.”

“విన్నాను. పెద్ద తోటమాలి అయిపోయాడన్నమాట.”

“మాట మార్చకండమ్మా. వాడు మళ్ళీ దెబ్బ తగిలించుకుంటే తోటలోంచి తీసేస్తామంటున్నారు పైవాళ్ళు.”

“తీసెయ్యొద్దని చెప్పండి. ఇంకొన్నాళ్ళు. వాడికి ఇదొక్కటే కుదిరింది.”

“అయితే వేళకి రండి.”

“వాడి చేతులు కడగడం అయినట్టుంది, వెళ్ళొస్తాం.”

“ఎదురుగా మందుల షాపు మెట్ల మీద రోజూ కూర్చునేది మీరు కాదూ?”

“ఎవరో అయ్యుంటారు.”

“ఇదే చీర. ఇదే సంచీ. వారం నుంచీ చూస్తున్నాను. వాడిక్కడ తల బాదుకుంటుంటే, మీరక్కడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. రోడ్డు దాటితే చాలు కదా.”

“దాటితే చేసిందంతా పాడవుతుంది.”

“ఏం చేశారని పాడవడానికి?”

“వదిలెయ్యండి.”

“వదలను. వాడితో విసిగిపోయారా? చెప్పండి, నేనేమీ అనుకోను. విసిగిపోని తల్లిని ఈ గేటు దగ్గర నేనింతవరకు చూళ్ళేదు.”

“విసుక్కోడానికైనా తీరికుండాలి టీచరుగారూ.”

“నవ్వుతారేం? ఇదేం తల్లి మనసమ్మా?”

“రేపు వాడికోసం వాళ్ళ పిన్ని వస్తుంది. పుదీనా ఆకు నలిపి వాసన చూపిస్తేగాని చెయ్యి పట్టుకోడని చెప్పాను. అది కంగారు మనిషి, మీరూ ఒకమాట చెప్పండి.”

“మరి మీరో?”

“మెట్ల మీదే ఉంటాను. లోపలికి రాను.”

“అదే, ఎందుకు రారు?”

“ఆ నారు మళ్ళలో ఎప్పుడు నాటుతారు?”

“వానలు పడ్డాక. నేనడిగినదానికి—”

“వానల దాకా నేనుండనని డాక్టరుగారు తేల్చేశారు. అందుకే రోజుకి కాస్త, రోజుకి కాస్త... ఒక్కసారే అయితే వాడు తట్టుకోలేడు కదా టీచరుగారూ.”