సున్నా వాన

ఉడకబెట్టి కల్లంలో ఆరబోసిన పసుపంతా నిన్నటి సాయంత్రం వానకు నానిపోయి, హన్మవ్వ కడుపు మండిపోతోంది. అది చాలదన్నట్టు, ఊళ్లో వాన సున్నా అని పై ఆఫీసుకు లెక్క పోయిందని పొద్దున పంచాయతీ దగ్గర విన్నది. ఆ లెక్క పంపేది ఇంకెవరో కాదు, ఆమె సొంత తమ్ముడు లింబాద్రి. పశువుల దవాఖాన వెనక, తీగల కంచెలో ఉన్న వాన కొలిచే డబ్బా దగ్గర దొరికాడు.

“నిన్న నీకు బువ్వ గిన్నె మీద మూతేసి పంపిన స్టీలు తలె ఇంకా ఇంటికి రాలేదు, గా సంగతి పక్కకు వెట్టు. సున్నా అని ఎట్ల రాస్తివిరా తమ్మీ?”

“డబ్బాల ఎంతుంటే గంతే రాయాలె అక్కా. సొంతంగ రాస్తరా?”

“నా కల్లంల మడిమెల దాంక నీళ్లు నిలిచినయి.”

“నిలిస్తే నిలిచినయి. వాన అన్ని కాడ ఒక్కతీరు పడ్తదా?”

“నా కల్లం గీడికి ఎంత దూరం? పిలిస్తే పలుకుతవ్.”

“అట్ల కాదే. ట్రైనింగుల చెప్పిండ్రు మాకు. ఎండకు నేల కాగుతది. నేల మీది గాలి కాగి పైకి పోతది. పైన సల్లగుంటది గద, గాలిల ఉన్న తడి ఆడ మబ్బైతది. ఎండకాలం మబ్బు కుప్ప వోసినట్టు ఒక్క కాడనే లేస్తది. దాని కింద ఉన్నోనికి వాన, పక్కనున్నోనికి ఎండ.”

“పక్కన మోర్తాడుల పడ్డది. ఏర్గట్లల పడ్డది. నా కల్లం మీద పడ్డది. ఒక్క నీ డబ్బా మీదనే పడలేదు.”

“గాలి గట్టిగ కొడితే చినుకులు పక్కకు పోతయి. గదొకటి ఉంటది.”

“ఒక్క సుక్కన్న పడదా?”

“పడ్డా ఆవిరైంది కావచ్చు.”

“మాపటీలి పడ్డ వాన పొద్దుగాల నువ్వు లెక్క సూసే ఎనిమిదిన్నర దాంక ఆవిరైందా? మరి నా పసుపుల నీళ్లు ఎందుకు కాలేదురా? తెల్లారంగ లేసి దోసిళ్లతోని ఎత్తుతున్న. కొమ్ములన్ని మెత్తవడ్డయి. రెండొద్దులైతే బూజు వడ్తది.”

“నన్నేం జెయ్యమంటవ్?”

“నిన్న మబ్బు లేస్తుంటే నిన్నే అడిగిన. పట్టా కప్పాల్నా తమ్మీ అంటే, గాలి తిరిగింది, రాదంటివి.”

“రాదనే అన్న. మబ్బు నా మాట ఇంటదా?”

“సరే, గదన్న పోనియ్యి. ఇప్పుడు ఫోన్ జేసి చెప్పు. తప్పు పంపిన అని చెప్పు.”

“పంపింది పంపినట్టే అక్కా.”

“సున్నా ఉన్న ఊరికి నష్టం రాసుకునే సార్లు రారంటరా. తొమ్మిది నెలల పంట. ఏ మొఖం వెట్టుకొని నిజామాబాద్ గంజుకు అమ్మ తీస్కపోవాలె?”

“మల్ల చెప్తే నా కొల్వు పోతది.”

“ఎందుకు పోతది?”

“పోతది.”

“ఉన్నదే రాసిన అన్నవ్ గద. ఉన్నది రాసినోని కొల్వు ఎందుకు పోతది?”

“ఎండెక్కుతున్నది. నువ్వు ఇంటికి పో.”

“గా కొల్వు కోసం ఊరంత తిరిగి అందరి కాళ్లు మొక్కింది నేను. నన్నే పొమ్మంటున్నవ్. పోత తియ్. కంచె లోపల గడ్డిల మెరుస్తున్నదేంది?”

“ఏదో రేకు.”

“రేకు కాదు. తలె. గిటియ్యి.”

“అక్కా…”

“ఇయ్యిరా. గీ అంచు మీద పేరు సూడు. నాకు సదువు రాదు గని నా పేరు గుర్తువడ్త. నా పెండ్లికి అవ్వ కొట్టిచ్చిన పేరు.”

“పిట్టలక్కా. రెట్ట యేస్తున్నయి, పుల్లలు దెచ్చి డబ్బా గొట్టంల కుక్కుతున్నయి. పోయిన నెల సారు వచ్చి సూసి బాగ తిట్టిండు. నిన్న బువ్వ తిన్నంక జెర మూసి పెట్టిన. తీసుడు మర్సిన.”

“నా తలె పెట్టి మూసినవా?”

“మర్సిన అక్కా, ఒట్టు.”

“పొద్దుగాల నువ్వొచ్చేసరికి గీ తలెల ఏమున్నది?”

“గిప్పుడెందుకక్కా గవన్ని?”

“నా దిక్కు సూసి చెప్పు.”

“అంచుల దాంక నీళ్లు.”

“గా నీళ్లు ఏం జేసినవ్?”

“పారబోసిన. పారబోసినంక డబ్బాల సూసిన. సుక్క లేదు. డబ్బాల ఎంతుంటే గంతే రాయాలె గదక్కా.”