నాలుగో గడి

2005 ఆగస్టు, ఒక ఆదివారం ఉదయం. తణుకు దగ్గర పల్లెలో సూర్యప్రకాశం మాస్టారి ఇల్లు. ముందుగదిలో కంప్యూటర్ దగ్గర ఆయన, ఆయన పాత విద్యార్థి, కంప్యూటర్ మెకానిక్ ఎజ్రా.

“వచ్చిందా?”

“వచ్చిందండి మాస్టారూ. అదిగో, నీలం రంగు బొమ్మ. దాని మీద రెండుసార్లు నొక్కితే నెట్ తెరుచుకుంటుంది. నేను వెళ్లొస్తానండి, ప్రార్థనకి టైమైంది.”

“కూర్చో ఎజ్రా. ఎలా తెప్పించావో చెప్పు, రాసుకుంటాను.”

“రాసుకోడానికేముందండి. చిన్న పని.”

“చిన్న పనికి నాలుగు నెలల్నించి తప్పించుకు తిరిగావు. చెప్పు.”

“ఖాళీ చోట కుడి బటన్ నొక్కాలండి. ప్రాపర్టీస్. అందులో డెస్క్‌టాప్. దాని కింద కస్టమైజ్ అని ఉంటుంది...”

“నెమ్మదిగా. ఊఁ, తర్వాత?”

“అక్కడ నాలుగు గళ్లుంటాయండి. నాలుగో గడిలో టిక్కు లేదు. పెట్టాను. అంతే.”

“లేదంటే? దానంతటదే పోయిందా?”

“ఒక్కోసారి పోతుందండి. వైరస్సులుంటాయి, కరెంటు హెచ్చుతగ్గులుంటాయి...”

“మిగతా మూడు గళ్లలో టిక్కులున్నాయిగా?”

“ఉన్నాయండి.”

“ఆ మూడూ వదిలేసి, ఏరి ఏరి ఈ ఒక్కటే చెరిపిందా నీ వైరస్సు? ఎనిమిదో తరగతిలో పక్కవాడి లెక్క చూసి రాసినప్పుడు కూడా ఇలాగే నేలచూపులు చూశావు.”

“అప్పుడు మీరు కొట్టలేదండి.”

“ఇప్పుడూ కొట్టను. మా ఆవిడే తీయించింది కదూ?”

“అమ్మగారా? లేదండి.”

“సామర్లకోట నుంచి వాళ్లన్నయ్య ఎప్పుడు ఫోన్ చేసినా ఎంగేజ్ వస్తోందని సణిగేది. మా అమ్మాయి నెట్‌లో ఉంటే ఫోన్ కలవదుగా. ఆ పెట్టె తీసి పెరట్లో పారేస్తానంది. నా చెవులతో విన్నాను.”

“కోపంలో అనుంటారండి.”

“అనడంతో ఆగలేదు. నీకు ఫోన్ చేసింది, నువ్వు ఎలా తీయాలో చెప్పావు. తెల్లారేసరికి కౌముది, నాన్నా నెట్ పోయింది, ఇంటర్ రిజల్ట్స్ చూసుకోవాలి, తణుకు వెళ్లొస్తానంది. సరేనన్నాను. ఆటో కాలవలో పడింది. ఇంట్లో నెట్ ఉండుంటే పిల్ల గడప దాటేది కాదు. పదకొండో రోజున ఆవిణ్ణి అడిగాను, నువ్వే తీయించావా అని. నేను ముట్టుకోలేదంది. తర్వాత మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.”

“నాలుగు నెలల్నించీనా?”

“అన్నం పెడుతుంది, తింటాను. పెరట్లో బట్టలారేస్తోంది, ఇప్పుడొస్తుంది. ఆవిడ ముందు నువ్వు నిజం చెప్పాలి. అందుకే పిలిపించాను. లేకపోతే ఈ బొమ్మ నాకెందుకు?”

“అమ్మగారు నాకు ఫోన్ చెయ్యలేదండి.”

“ఎజ్రా.”

“నిజమండి. ఆవిడకి మా షాపు నంబరే తెలీదు.”

“మరెవరికి తెలుసు?”

“వదిలెయ్యండి మాస్టారూ. అసలు నెట్ ఎక్కడికీ పోలేదండి. బొమ్మ తీస్తే పోయేది బొమ్మే. ఆ రోజు కూడా ఇంట్లో నెట్ ఉంది.”

“ఉందా?”

“ఇదిగో, ఇక్కడ స్టార్ట్ నొక్కితే ఇందులోంచి కూడా వెళ్లచ్చు.”

“నాకు తెలీదు. పాపం, కౌముదికీ తెలీదు. తెలిస్తే... ఏంటలా చూస్తావు? తెలుసా దానికి?”

“కంప్యూటర్ బిగించిన రోజే చూపించానండి. రెండోసారి అడగలేదు, టక్కున పట్టేసింది.”

“మరి నెట్ పోయిందని నాతో ఎందుకంది?”

“మంచినీళ్లు తెమ్మంటారా?”

“ఎందుకంది ఎజ్రా?”

“ముందురోజు సాయంత్రం షాపుకి ఫోన్ చేసిందండి. అన్నయ్యా, ఆ బొమ్మ కనపడకుండా చెయ్యడం ఎలా అని. ఎందుకమ్మా అన్నాను. ఇంట్లో అయితే నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు, నాకన్నా ముందు ఆయనే చూసేస్తారు, లెక్కల పేపరు సరిగ్గా రాయలేదు, నా మార్కులు ముందు నేనొక్కదాన్నే చూసుకుంటాను, తర్వాత ఇంటికొచ్చి నేనే చెబుతాను అంది. నేను చెప్పానండి, నాలుగో గడి అని.”

“పాసయింది. మర్నాడు పేపర్లో నంబరుంది.”

“చూశానండి.”

“కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. నిజమే. తను ఏ బటన్ నొక్కుతున్నా, అదేంటి, అదేంటి అని అడిగేవాణ్ణి.”

“నేను ఆ రోజు చెప్పకుండా ఉండాల్సింది మాస్టారూ.”

“నువ్వు కాకపోతే ఇంకొకరు చెప్పేవారు. ఈ మాట ఇంకెవరికైనా తెలుసా?”

“మా ఇంట్లో కూడా చెప్పలేదండి. అమ్మగారికి చెబుతారా?”

“మా అమ్మాయి నాతో అబద్ధం చెప్పి వెళ్లిందనా? వెళ్తూ వాళ్లమ్మకి కూడా అదే చెప్పింది. జడ వేస్తూ ఆవిడ కూడా నమ్మింది.”

“చెప్పకపోతే నింద ఆవిడ మీదే ఉండిపోతుందండి. అదిగో, అమ్మగారొస్తున్నారు.”

“ఎజ్రా, నువ్వా బాబూ? ఎంతసేపయింది వచ్చి? కాఫీ తాగావా?”

“వద్దండి అమ్మగారూ, వెళ్లాలి.”

“వెళుదువుగాని. ఎవరు తీయించారో తెలిసిందా మీ మాస్టారికి? నా పేరు చెప్పావా ఆయన కోరినట్టు? చెప్పినా నేనేమీ అనుకోను బాబూ. తేలిపోతుంది.”

“సీతా, కూర్చో.”

“పర్వాలేదు. నిలబడే వింటాను.”

“నువ్వు కాదు. తీయించింది నేను. నేనే తీయించి, నింద నీ మీద పెట్టాను.”