జ్వరం మూట, కాయం మూట

అచ్చియ్యమ్మకి జ్వరం తగిలింది అనుకో. ఎప్పుడు తగిలింది? కొండ మీదికి సంత బండి ఎక్కాల్సిన రోజు, కోడి కూసే వేళ. కళ్లు మంట, ముక్కు దిబ్బడ, మోకాళ్లు తనవి కానట్టు. మరి ఆగిపోవచ్చు కదా అంటారు మీరు. ఎలా ఆగుతుంది? కొండ మీద పల్లెలో కూతురు వరాలు నిండు నెలలతో ఉంది. తొలిచూలు. ఆ పిల్లకి అత్త లేదు, ఆడపడుచు లేదు, మొగుడు చూస్తే నీళ్లు కాచమంటే కాళ్లు కాల్చుకునే రకం. తొలి పురుడు పుట్టింట్లో కదా పోసేది, పిల్లని తెచ్చుకోలేదేం అని మళ్లీ అడుగుతారు. తెచ్చుకుందామనే అనుకున్నారంట. ఏమైందంటే, వానలకి ఘాటీ దారి తెగిపోయి బండ్లు నడవలేదు. దారి బాగుచేసేటప్పటికి నెలలు నిండిపోయాయి, ఇక ఆ రాళ్ల మీద, ఆ కుదుపుల్లో పిల్లని దించలేరు. కాబట్టి తల్లే ఎక్కాలి. సంత బండి వారానికి ఒక్కటే. ఇది పోతే మళ్లీ వారం, అప్పటిదాకా కడుపులో బిడ్డ ఆగుతుందా? ఊళ్లో ఇంతమంది బిడ్డల్ని ఈ చేతులతో పట్టాను, నా కూతురి పురుటికి నేను లేకపోతే ఎలా అని ఆవిడ గుబులు.

జ్వరానికి వాళ్ల వైపు ఒక పద్ధతి ఉండేదంట. ఇది బాగా వినండి, కథంతా దీని మీదే ఉంది, నేను మర్చిపోతే మీరు గుర్తుచెయ్యాలి. జ్వరం వచ్చిన మనిషి కట్టుకున్న చీర చెంగు చింపి, అందులో గుప్పెడు తవుడు, కాస్త ఉప్పు, నాలుగు వేపాకులు వేసి, తల చుట్టూ తిప్పి గట్టిగా ముడెయ్యాలి. జ్వరం ఆ ముడిలోకి దిగుతుంది. కొండదారిలో అన్నిటికన్నా పైనున్న మలుపు దగ్గర మలుపులమ్మ తల్లి ఉంటుంది. గుడీ గోపురం ఏమీ లేదు, పసుపు పూసిన రాయి, పక్కన తంగేడు పొద. ఆ పొదకి మూట కట్టేసి వెనక్కి చూడకుండా వచ్చెయ్యాలి. ఇక ఆ జ్వరం సంగతి తల్లి చూసుకుంటుంది. ఒకటే షరతు. ముడి ఎవరు విప్పితే జ్వరం వాళ్లది. కట్టిన మనిషే విప్పిందనుకో, రెండింతలై తిరిగి పట్టుకుంటుంది. ఆ కొండ పేరు చెప్పాలి మీకు, నోటి చివరే ఉంది, వస్తుంది ఉండండి.

అచ్చియ్యమ్మ జ్వరం మూట కట్టింది. అక్కడితో ఆగిందా? చీర ఎలాగూ చిరిగింది కదా అని ఇంకో ముక్క చింపి, కూతురికని చేసిన కాయాన్ని ఆ ముక్కలో వేరే మూట కట్టింది. కాయం తెలుసు కదా, బాలింతకి పెట్టేది. సొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము నేతిలో వేయించి, దంచి, బెల్లం కలిపి పొడిపొడిగా చేస్తారు. అది తింటేనే బాలింతకి నడుము నిలబడేది, పాలు పడేది. ఇప్పుడు రెండు మూటలు, ఒకే చీర, ఒకే ముడి, ఇది పిడికెడు, అదీ పిడికెడు. కుడి వైపు నడుముకి జ్వరం దోపుకుంది, ఎడమ వైపు కాయం. కుడి జ్వరం, ఎడమ కాయం, కుడి జ్వరం, ఎడమ కాయం అని బండి దాకా అనుకుంటూనే నడిచిందంట.

బండి గంగులుది. మంచివాడే గానీ వాడికో పట్టింపు ఉంది. ఘాటీ ఎక్కేటప్పుడు బండిలో రోగమన్న మాట వినబడకూడదు, వినబడితే ఎద్దులు మోకాళ్లు వంచేస్తాయని. జ్వరం మనిషిని తెలిసి ఎక్కించుకోడు, తెలిస్తే దారిలోనే దించేస్తాడు. అందుకని ఆవిడ మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, పెళ్లికి పోతున్నట్టు ఎక్కి కూర్చుంది. బండిలో ఇంకో ఆడమనిషి దేముడమ్మ, ఎండుచేపల గంప పెట్టుకుని సంతకి పోతోంది. ఆరుగురు పిల్లల తల్లి, నోరు గట్టిది. బండి కదిలింది. గంగులుకి ఆ దారంటే ప్రాణం, తాతల నాటి ఆస్తి ఏదో చూపిస్తున్నట్టు మలుపు మలుపుకీ చూపిస్తాడంట. ఇదిగో అత్తా ఈ పక్క చూడు, కొండ కొండంతా వలిసె పూలు, పసుపు ఆరబోసినట్టు లేదా అంటాడు. అదిగో అత్తా ఆ పక్క చూడు, వాన వెలిసి నీళ్లు ఎలా జారుతున్నాయో అంటాడు. అత్తా, మబ్బు మనకన్నా కింద ఉంది చూడు అంటాడు. ఆవిడకి లోయలో మబ్బూ కళ్లలో మబ్బూ ఒకటే అయిపోయాయి. బాగుంది నాయనా, బాగుంది అంటోంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఏటి వదినా అలా వణుకుతున్నావు అని దేముడమ్మ అడిగింది. బండి కుదుపు అంది అచ్చియ్యమ్మ. బండి అప్పుడు ఆగి ఉందంట.

ఎందుకు ఆగిందంటే, నిట్టదారి వచ్చినప్పుడు ఎద్దులు ఊపిరి తీసుకోవడానికి ఆపుతారు. బండి వెనక్కి జారకుండా చక్రం కింద రాయి పెట్టాలి. రాయి పెట్టడం బండెక్కినవాళ్ల పని. అచ్చియ్యమ్మ దిగి, రాయి తోసి, లేచేసరికి కళ్లు తిరిగాయి. నడుం దగ్గర చీర వదులై రెండు మూటలూ బురదలో పడ్డాయి. తీసింది, కొంగుతో తుడిచింది, గబగబా దోపుకుంది. గంగులు చూస్తాడేమో అన్న కంగారే గానీ, ఏది ఎటు దోపానన్న ఆలోచన అప్పుడు రాలేదు. గుర్తుందా మీకు, కుడి ఏది, ఎడమ ఏది? ఆ.

పై మలుపు వచ్చింది. ఎవరైనా అక్కడ దిగి దండం పెట్టుకుని ఎక్కుతారు. అచ్చియ్యమ్మ దిగి, పొద చాటుకి పోయి, కుడి వైపు మూట తీసి కొమ్మకి కట్టింది. తల్లీ, నీ బిడ్డ జ్వరం నువ్వే చూసుకో, నా బిడ్డని నేను చూసుకోవాలి అని మొక్కింది. వెనక్కి చూడకుండా వచ్చి బండెక్కింది. ఎక్కగానే ఒళ్లు తేలికైనట్టు అనిపించిందంట. అప్పుడు చూసింది ఆ కొండల్ని. నిజమే, ఎంత బాగుంది అనుకుంది. దారి ఇక ఎక్కుడు లేదు, చదునుగా పోతోంది, అటూ ఇటూ వలిసె చేలు. ఓ కొండ వాలు దాటిందో లేదో, మళ్లీ పట్టుకుంది వణుకు. ఇందాకటి మీద ఎక్కువగా, ఎముకల్లోంచి.

ఇక చూడు ఆవిడ అవస్థ. జ్వరం అక్కడ వదిలేశాను కదా, మరి ఈ వణుకు ఎక్కడిది? అప్పుడు గుర్తొచ్చింది బురద. అయ్యో, కుడిది ఎడమకి దోపానా? కాయాన్ని పొదకి కట్టేసి జ్వరాన్ని నడుముకి పెట్టుకుని కూతురి ఇంటికి పోతున్నానా? రేపో మాపో పచ్చి బాలింత, కళ్లు తెరవని బిడ్డ. ఈ చేతులతోనే కదా పట్టాలి. ఉన్న మూట తీసి చెంగు చాటున ముక్కు దగ్గర పెట్టుకుంది, సొంఠి వాసన వస్తుందేమోనని. ముక్కు దిబ్బడ, ఏమీ రాలేదు. నాలుక తగిలించి చూసింది, చేదు. వేపాకు చేదా? కానీ పొద్దున్న తాగిన మంచినీళ్లు కూడా చేదుగానే ఉన్నాయి కదా. వేళ్లతో నొక్కి చూసింది, వేళ్లు మొద్దుబారి ఉన్నాయి, తవుడనుకుంటే తవుడు, బెల్లప్పొడి అనుకుంటే బెల్లప్పొడి. విప్పి చూద్దామా? విప్పకూడదు. ఆఖరికి దేముడమ్మ ముక్కు దగ్గర పెట్టి, వదినా దీని వాసన ఎలా ఉంది అని అడిగింది. దేముడమ్మ గట్టిగా పీల్చి, చేపల వాసన అంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆవిడకి అన్నీ చేపల వాసనేనంట.

పొద్దు వాలే వేళకి పల్లె చేరారు. గంగులు ఎద్దుల్ని విప్పి నీళ్లకి తోలుకెళ్లాడు, సంత మర్నాడు, ఆ రాత్రికి బండి అక్కడే. అచ్చియ్యమ్మ అల్లుడి వాకిట్లోకి వచ్చేసరికి లోపల వరాలు మూలుగుతోంది. మధ్యాహ్నం నుంచే నొప్పులంట. తల్లి గొంతు విని పిల్ల గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చింది.

"వచ్చావా అమ్మా. రా లోపలికి, నాకు భయమేస్తోంది."

"వస్తాను తల్లీ. కాళ్లు కడుక్కుని వస్తాను."

కాళ్లు కడుక్కోవడానికి పశువుల పాక వెనక్కి పోయింది. నిలబడి ఆలోచించింది. జ్వరం పొదకి కట్టి ఉంటే ఇది ఉత్త ప్రయాణపు బడలిక, లోపలికి పోవచ్చు. జ్వరం ఇంకా నా దగ్గరే ఉంటే గడప దాటకూడదు. తెలియాలంటే విప్పాలి. విప్పితే, అది జ్వరమే అయితే, రెండింతలు నా నెత్తిన. లోపల్నుంచి పిల్ల అమ్మా అని మళ్లీ పిలిచింది. నా నెత్తినైతే నా నెత్తినే, తెలియకుండా బిడ్డ నెత్తిన పెట్టను అనుకుంది. గాలి ఇంటి వైపు పోకుండా అటు తిరిగి కూర్చుని, పంటితో ముడి లాగింది. తవుడు. ఉప్పు. నాలుగు వేపాకులు.

 అచ్చియ్యమ్మ లేచి, ఇంటి వెనక తడిక గోడకి బయట చతికిలబడి, బండి దగ్గరున్న దేముడమ్మని కేకేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది. దేముడమ్మ ముందు తిట్టింది, నా పక్కన కూర్చుని ఇంత దూరం వచ్చావా అని. తర్వాత, నేను కన్నాను గానీ ఎవరికీ పురుడు పొయ్యలేదు వదినా, పైగా నా చేతులు చేపలు అంది. బూడిదతో తోముకో, వేడినీళ్లతో కడుక్కో, చేతులు నీవి, మాట నాది అంది అచ్చియ్యమ్మ. పిల్లకి ఏం చెప్పాలో తెలియక తడిక మీద చెయ్యి పెట్టి, వరాలూ, నేను ఇక్కడే ఉన్నాను, గోడకి ఇవతల, నీ వీపు వెనకే ఉన్నాను అంది. ఎందుకు రావు అని పిల్ల ఏడ్చింది. వస్తే నా జ్వరం నీ బిడ్డకి వస్తుంది, అందుకని రాను, కానీ పోను కూడా పోను అంది. పిల్ల తడికలోంచి రెండు వేళ్లు బయటికి పెట్టింది. తల్లి వాటిని తాకలేదు, తన చెంగు అందించింది, ఆ చెంగే పట్టుకుంది పిల్ల. ఇక ఇవతల ఈవిడ వణుక్కుంటూ చెప్తుంది, ఊపిరి పట్టు, వదులు, ఇప్పుడు కాదు, ఇప్పుడు, అని. అవతల దేముడమ్మ చేస్తుంది. ఎంతసేపైందో అడక్కండి. దీపం పెట్టే వేళకి ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వినబడ్డాక అచ్చియ్యమ్మ చెంగు లాగి చూసిందంట, కూతురు ఇంకా గట్టిగానే పట్టుకుని ఉంది.

మర్నాడు గంగులుకి తెలిసింది. నా బండిలో జ్వరాన్ని ఎక్కించావా అత్తా అన్నాడు. నీ ఎద్దులు మోకాళ్లు వంచాయా నాయనా అంది. వాడు ఎద్దుల వైపు చూశాడు. అవి గడ్డి తింటున్నాయి. బాలింతకి కాయం కావాలి కదా, సంత మాట పక్కనపెట్టి వాడే నడిచి మలుపు దాకా వెళ్లాడు. పొదనిండా ఎవరెవరి జ్వరాలో వేలాడుతున్నాయి, చెయ్యి పెట్టాలంటే భయం. ఈవిడ చీర ముక్క గుర్తుపట్టి, కర్ర చివర తగిలించుకుని తెచ్చాడు. విప్పి చూస్తే కాయం సగమే ఉంది. చీమలు తినుంటాయి అన్నాడు గంగులు. దేముడమ్మ మూట అటూ ఇటూ తిప్పి చూసి, తినుంటాయి, తిన్నాక ముడి కూడా చీమలే వేశాయా అంది. అచ్చియ్యమ్మ చూసింది. తను వేసిన ముడి కాదది.

ఆవిడ జ్వరమా? ఆ పొద్దున్నే చెమట పట్టి దిగిపోయిందంట, రెండింతలు కాదు కదా, ఉన్నది కూడా. నన్నడిగితే ఇందులో వింతేమీ లేదు. మలుపులమ్మ అంతమంది బిడ్డల తల్లి, అన్నాళ్లూ అందరూ ఆవిడకి జ్వరాలు తెచ్చి అంటగట్టినవాళ్లే గానీ, నడుం నిలబడటానికి ఇంత కాయం పెట్టినవాళ్లు ఒక్కరూ లేరు. పొరపాటున ఒకామె పెట్టింది. సగం తిని, బాలింత ఒకతె ఉందని గుర్తొచ్చి సగం ఉంచింది. అప్పటినుంచి జ్వరం మూట కట్టేవాళ్లు పక్కనే కాయం మూట కూడా కడతారు ఆ మలుపులో. కొండ పేరు ఇంకా రాలేదు నాకు, పోనీ. మీలో ఎవరైనా ఆ దారిన పోతే వలిసె పూలని బట్టి గుర్తుపట్టండి. కాయంలో బెల్లం కాస్త ఎక్కువ వెయ్యండి.